పిల్లల మెదడులో రక్తనాళం ఉబ్బి చిట్లితే ఏం చేయాలి: ఊళ్లో మొదటి గంట నుంచి ఆపరేషన్ తర్వాత దాకా

మాది ఆమదాలవలస దగ్గర పల్లెటూరు. విశాఖపట్నంలో న్యూరోసర్జరీ థియేటర్‌లో కొన్నేళ్లు, పక్కనే ఐసీయూలో కొన్నేళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను. ఇచ్ఛాపురం, టెక్కలి, పాలకొండ, బొబ్బిలి, సాలూరు నుంచి తెచ్చిన పిల్లల్ని చూశాను. వాళ్లలో మెదడు రక్తనాళం ఉబ్బి చిట్లిన పిల్లలు చాలా తక్కువ. అన్ని వయసుల వాళ్లనీ కలిపి లెక్కేస్తే ఈ జబ్బులో పిల్లల వాటా నూటికి 5 లోపే. అంత అరుదు కాబట్టే ఎవరికీ తట్టదు. పెద్దాయన తల పట్టుకుని కుప్పకూలితే "బుర్రలో నరం చిట్లిందేమో" అని ఎవరో ఒకరు అంటారు. అదే పదేళ్ల పిల్లాడికి జరిగితే వడదెబ్బ అంటారు, మూర్ఛ అంటారు, గాలి సోకిందంటారు, మెదడువాపు జ్వరం అంటారు. ఒక్కో పేరుకీ ఒక్కో రోజు పోతుంది. ఆ రోజులు పోకూడదనే ఇది రాస్తున్నాను. అమ్మానాన్నల కోసం, ఆశా అక్కల కోసం, పీహెచ్‌సీలో రాత్రి డ్యూటీ చేసే కుర్ర డాక్టర్ల కోసం కూడా.

ముందు జబ్బేమిటో తెలుసుకోండి

పాత సైకిల్ ట్యూబుకి గాలి కొడుతుంటే పలచబడిన చోట పొక్కులా లేస్తుంది, చూసే ఉంటారు. మెదడుకి రక్తం తీసుకెళ్లే ధమనిలో గోడ బలహీనపడిన చోట అలాగే ఉబ్బుతుంది. దాన్నే అన్యూరిజం అంటారు. అది చిట్లితే రక్తం మెదడు చుట్టూ ఉండే నీటిలోకి చిమ్ముతుంది. ఒకసారి చిట్లి దానంతట అదే గడ్డకట్టి ఆగినా, మళ్లీ చిట్లే ప్రమాదం మొదటి 24 గంటల్లోనే అన్నిటికంటే ఎక్కువ. రెండోసారి చిట్లినప్పుడు చాలామంది పిల్లలు తట్టుకోలేరు.

పిల్లల్లో ఈ జబ్బు పెద్దవాళ్లలో లాగా ఉండదు. మగపిల్లల్లో కొంచెం ఎక్కువ కనిపిస్తుంది. ఉబ్బు రెండున్నర సెంటీమీటర్లు దాటి పెరగడం పెద్దవాళ్లతో పోలిస్తే పిల్లల్లో ఎక్కువ శాతం. గుండ్రటి సంచిలా కాకుండా నాళం మొత్తం కండెలా లావెక్కడం, గోడ పొరలు విడిపోవడం కూడా పిల్లల్లో ఎక్కువే. మెదడు వెనక భాగానికి వెళ్లే నాళాల్లోనూ తరచుగా వస్తుంది. ఆపరేషన్ పద్ధతి ఎంచుకోవడం కష్టమయ్యేది అందుకే.

కారణం చాలామందిలో దొరకదు. దొరికిన వాళ్లలో మన వైపు గుర్తుపెట్టుకోవలసినవి కొన్ని ఉన్నాయి. తలకి గట్టి దెబ్బ తగిలి, అంతా నయమైందనుకున్న రెండు మూడు వారాలకి చిట్లేది ఒకటి. చెట్టు మీంచి పడిన పిల్లాడు, బండి మీంచి పడిన పిల్లాడు తర్వాతెప్పుడో హఠాత్తుగా తలనొప్పి అన్నాడంటే పాత దెబ్బ సంగతి డాక్టరుకి మీరే చెప్పాలి, వాళ్లకి తెలిసే దారి లేదు. కీళ్లవాతం వల్ల గుండె కవాటాలు పాడైన పిల్లలకి గుండెలో ఇన్ఫెక్షన్ చేరి, అక్కడి నుంచి మెదడు నాళాల చివరి కొమ్మలకి పాకి ఉబ్బు వచ్చేది ఇంకొకటి. వారాల తరబడి వదలని జ్వరం దీనికి గుర్తు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు గిరిజన పిల్లల్లో కనిపించే సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు కూడా మెదడు నాళాల్ని దెబ్బతీస్తుంది. గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని పుట్టుకతోనే సన్నబడి ఉండటం, వంశపారంపర్యంగా కిడ్నీల నిండా నీటి తిత్తులు రావడం కూడా ఈ జబ్బుకి దారితీస్తాయి. ఉద్దానం కిడ్నీ జబ్బు వేరు. ఆ ప్రాంతం వాళ్లు ఈ తిత్తుల మాట విని కంగారు పడొద్దు.

నొప్పి గురించి సరైన ప్రశ్న అడగండి

"ఎప్పటి నుంచి నొప్పి?" అని అందరూ అడుగుతారు. మీరు అడగవలసింది "ఎంతసేపట్లో అంత పెద్దదయింది?" అని. జ్వరం తలనొప్పి, కంటి చూపు వల్ల వచ్చే తలనొప్పి గంటల మీద పెరుగుతాయి. నాళం చిట్లిన నొప్పి నిమిషం లోపే పతాకస్థాయికి చేరుతుంది. ఆ క్షణంలో తను ఏం చేస్తున్నాడో పిల్లాడు చెప్పగలడు.

తొమ్మిదేళ్ల గుంటడొకడు వచ్చాడు మా దగ్గరికి. బడిలో మధ్యాహ్న భోజనం చేసి, కంచం కడుక్కుంటూ, "మేడమ్, బుర్ర" అని కొళాయి దగ్గరే కూర్చుండిపోయాడట. కంచం చేతిలోనే ఉందట. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. చైత్రమాసం ఎండలు. "ఎండదెబ్బ అనుకున్నాం సిస్టరమ్మా. ఊళ్లో డాక్టరు బాటిలెక్కించి నొప్పికి ఇంజెక్షన్ ఇస్తే తగ్గిపోనాది. మూడ్రోజులు బాగానే తిరిగాడు, మెడ పట్టేసింది అంటే తలగడ మార్చాను. నాలుగోనాడు తెల్లారగట్ల మళ్లీ వొచ్చింది" అని వాళ్లమ్మ చెప్పింది. ఆ నాలుగోనాటి ఉదయమే అతన్ని స్పృహ లేకుండా మా ఐసీయూకి తెచ్చారు. "కంచం కడుగుతూ" అన్న ఆ ఒక్క మాట మొదటి రోజే సరైన వాళ్ల చెవిన పడి ఉంటే ఎంత బాగుండేదో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

నొప్పితో పాటు ఇంకేం చూడాలంటే: వాంతులు, వెలుతురు చూడలేకపోవడం, ఫిట్స్, కాసేపు స్పృహ తప్పి తేరుకోవడం. మెడ బిగుసుకోవడం కొన్ని గంటలు ఆగి వస్తుంది, మొదట్లో లేదని ధీమా పడకండి. ఒక కన్ను పైరెప్ప వాలిపోయి, ఆ కంటిపాప రెండోదానికంటే పెద్దదిగా కనిపిస్తే, నొప్పి ఉన్నా లేకపోయినా ఆ రోజే బయల్దేరాలి. ఉబ్బు పక్కనున్న నరాన్ని నొక్కుతోందన్నమాట. టార్చి వెలుగులో రెండు కళ్లూ చూసి, ఫోన్‌తో ఫొటో తీసి ఉంచండి, ముందెలా ఉందో తర్వాత డాక్టర్లు పోల్చుకుంటారు. చంటిబిడ్డ అయితే నొప్పి అని చెప్పలేదు. ఆగని ఏడుపు, పాలు వదిలేయడం, మాడు ఉబ్బడం, ఫిట్స్, ఇవే దాని భాష.

మొదటి గంటలో ఇంట్లో చేయవలసింది, చేయకూడనిది

108కి ఫోన్ చేయండి. వచ్చేలోపు బిడ్డని పక్కకి తిప్పి పడుకోబెట్టండి, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోకుండా. ఫిట్స్ వస్తుంటే చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టడం వద్దు. ఎంతసేపు వచ్చాయో గడియారం చూసి గుర్తుంచుకోండి, అది పనికొస్తుంది. నోట్లో ఏమీ పోయొద్దు, మంచినీళ్లు కూడా. మత్తుగా ఉన్న బిడ్డ మింగలేడు. పైగా కొన్ని గంటల్లో మత్తుమందు ఇవ్వవలసి రావచ్చు.

ఊళ్లో నొప్పికి వేసే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్, ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ ఇప్పించకండి. ఇవి రక్తం గడ్డకట్టే గుణాన్ని తగ్గిస్తాయి. పారాసిటమాల్ పర్వాలేదు, కానీ అది కూడా ఇంట్లో నోట్లో వేయకండి, ఆసుపత్రిలో ఇస్తారు. ఆర్‌ఎంపీల మీద నాకు కోపం లేదు, అర్ధరాత్రి తలుపు తీసేది వాళ్లే. కానీ ఈ ఒక్క తలనొప్పికి మాత్రం సూది పక్కన పెట్టి బండి పిలవమని వాళ్లని బతిమాలుకుంటున్నాను.

అదే రోజు తల సీటీ తీయించండి

మందేమీ ఎక్కించకుండా తీసే మామూలు సీటీ చాలు. శ్రీకాకుళం, విజయనగరం రెండు పట్టణాల్లోనూ ఇది దొరుకుతుంది. కొత్తరకం మెషీన్ మీద, నొప్పి మొదలైన 6 గంటల్లోపు తీసి, అనుభవమున్న రేడియాలజిస్టు చూస్తే చిమ్మిన రక్తం దాదాపు ఎప్పుడూ దొరికిపోతుంది. రోజులు గడిచేకొద్దీ ఆ రక్తం కరిగిపోతుంది. వారం తర్వాత తీస్తే సగానికి సగం మందిలో కనపడదు. "రేపు చూద్దాం" అంటే ఆ సాక్ష్యాన్ని మనమే కడిగేసుకున్నట్టు.

సీటీలో ఏమీ లేదని వచ్చి, నొప్పి కథ మాత్రం పైన చెప్పినట్టే ఉందనుకోండి. అక్కడితో ఆగిపోవద్దు. నడుములోంచి వెన్ను నీరు తీసి చూడాలి. నొప్పి మొదలయ్యాక 12 గంటలు దాటితేనే ఆ నీటిని మెషీన్‌లో వేగంగా తిప్పి చూసినప్పుడు పైన తేరుకున్న భాగం పసుపుపచ్చగా కనిపిస్తుంది. అంతకంటే ముందు తీస్తే సూది గుచ్చినప్పుడు కారిన రక్తమో, లోపల చిమ్మిన రక్తమో తేల్చడం కష్టం. "వెన్ను నీరు తీస్తే కాళ్లు పడిపోతాయట" అని వద్దనే తాతయ్యలు ప్రతి వారం కనిపిస్తారు. సూది గుచ్చేది వెన్నుపాము అయిపోయిన చోటికి కింద. కాళ్లు పడిపోవు.

రక్తం కనపడిన వెంటనే డ్యూటీ డాక్టరు రిఫరల్ చీటీ రాస్తారు. అందులో ఇవి ఉన్నాయో లేదో మీరు అడిగి రాయించుకోండి: నొప్పి మొదలైన గంట, బిడ్డ స్పృహ స్కోరు, రెండు కంటిపాపల సైజు, ఇచ్చిన మందులు ఏ గంటకి ఎంత, బిడ్డ బరువు. బరువు చిన్న విషయం అనుకుంటారు. పిల్లలకి ప్రతి మందూ, ఎక్కించే ప్రతి మిల్లీలీటరూ కిలోల లెక్కే. స్పృహ లేని బిడ్డని తూచడానికి మా దగ్గర పట్టే సమయం మీరు ఇక్కడే మిగల్చొచ్చు. సీటీ ఫిల్ముతో పాటు సీడీ కూడా అడగండి. వాట్సాప్‌లో ఫిల్ము ఫొటో పంపితే రక్తం ఉందని తెలుస్తుంది, నాళం సంగతి తెలియదు.

ఎక్కడికి తీసుకెళ్లాలో బండి కదిలేముందే తేల్చుకోండి

అన్నిటికంటే ఎక్కువ ప్రాణాలు దారి తప్పేది ఇక్కడే అని నా నమ్మకం. వెంటిలేటర్ ఉంది కదా అని ఏదో ఒక ఆసుపత్రిలో చేర్చి, రెండు రోజులు బిల్లు కట్టి, అప్పుడు "మా దగ్గర యాంజియో (నాళాల బొమ్మ తీసే పరీక్ష) లేదు" అని పంపించేసిన బిడ్డల్ని మేము చేర్చుకున్నాం. కాబట్టి ముందే ఫోన్ చేసి అడగండి. నాళాన్ని క్లిప్ పెట్టి మూసే న్యూరోసర్జనూ, తొడ దగ్గర నుంచి తీగ పంపి కాయిల్ పెట్టే డాక్టరూ ఇద్దరూ ఉన్నారా? పిల్లలకి మత్తు ఇచ్చే అలవాటున్న వాళ్లున్నారా? పిల్లల వెంటిలేటర్ మంచం ఖాళీ ఉందా? క్లిప్ ఒక్కటే తెలిసిన చోట అందరికీ క్లిప్పే సరైనదిగా కనిపిస్తుంది, కాయిల్ ఒక్కటే ఉన్న చోట కాయిలే. ఇద్దరూ ఒకే నాళాల బొమ్మని ముందు పెట్టుకుని వాదించుకున్న చోట బిడ్డకి మేలు జరుగుతుంది.

విజయనగరం నుంచి విశాఖ సుమారు 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి వంద దాటుతుంది. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులు కేజీహెచ్, విమ్స్ రెండూ అక్కడే. ఇచ్ఛాపురం, కవిటి వాళ్లకి బరంపురం చేరువ, ఇచ్ఛాపురం నుంచైతే ముప్పై కిలోమీటర్ల లోపు, కాబట్టి సీటీకి, మొదటి వైద్యానికి అటు వెళ్లడం తప్పేమీ కాదు. ఏ ఊరైనా అడగవలసిన ప్రశ్నలు అవే.

డబ్బు సంగతి. ఆరోగ్యశ్రీ అని మనం పిలుచుకునే పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. ఆసుపత్రిలో దిగగానే ఆ డెస్కు దగ్గరికి ఒకరు వెళ్లండి, బిడ్డ దగ్గర ఒకరు ఉండండి. ఎమర్జెన్సీ కేసుల్లో ఫోన్ మీద అనుమతి తీసుకుని వైద్యం మొదలుపెట్టే పద్ధతి ఉంది, కాగితాలు తర్వాత ఇవ్వొచ్చు. కార్డు ఇంట్లో మర్చిపోయామని వెనక్కి బండి తిప్పిన నాన్నని చూశాను. కార్డు ఫొటో ఎవరిచేతైనా ఫోన్‌కి తెప్పించుకోండి. సందేహముంటే 104కి చేయండి. గిరిజన కుటుంబాలు కేజీహెచ్‌లో ఎస్టీ సెల్‌ని కలవండి.

దారిలో తల వైపు కొంచెం ఎత్తుగా, మెడ తిన్నగా ఉండాలి. బండిలో ఏడుపులు, అరుపులు వద్దు. బీపీ పెరిగితే చిట్లిన చోటుని మూసి ఉంచిన రక్తపు గడ్డ జారిపోతుంది.

ఉబ్బు ఎక్కడుందో పట్టుకోవడం

పెద్దాసుపత్రిలో మొదట సీటీ యాంజియో తీస్తారు. మందు ఎక్కించి నాళాల బొమ్మ తీయడం అది, నిమిషాల్లో అయిపోతుంది. చిట్లకుండా బయటపడిన ఉబ్బుని, లేదా తర్వాత ఏళ్ల తరబడి గమనించవలసిన పిల్లల్ని ఎమ్మారై యాంజియోతో చూస్తారు, దానికి రేడియేషన్ లేదు. తుది మాట మాత్రం డీఎస్‌ఏది. గజ్జల్లోంచి సన్నటి గొట్టాన్ని మెడ నాళాల దాకా పంపి, మందు వదులుతూ కదిలే బొమ్మలు తీస్తారు. పిల్లలకి పూర్తి మత్తులో చేస్తారు. మెదడుకి వెళ్లే నాలుగు నాళాలూ చూడాలి. ఒక్కటి దొరికింది కదా అని ఆపితే రెండోది మిగిలిపోవచ్చు. "నాలుగూ చూశారా సార్?" అని అడగండి, ఎవరూ తప్పు పట్టరు.

డీఎస్‌ఏ అయ్యాక ఆ కాలు కొన్ని గంటలు వంచకుండా పడుకోబెట్టాలి. పిల్లల నాళం సన్నం, కాబట్టి పాదం వెచ్చగా ఉందా, వేళ్లు తెల్లబడ్డాయా అని గంట గంటకీ తాకి చూడండి. సికిల్ సెల్ ఉన్న బిడ్డకి యాంజియో, ఆపరేషన్లకి ముందు రక్తం మార్చి, జబ్బు రక్తం వాటాని సుమారు 30 శాతానికి దించుతారు. ఆ జబ్బు ఉన్నట్టు మీకు తెలిస్తే అడ్మిషన్ చీటీ మీదే రాయించండి.

మొదటి డీఎస్‌ఏలో ఏమీ దొరకని పిల్లలూ ఉంటారు. నాళం కుంచించుకుపోయి ఉన్నా, గడ్డ నిండిపోయినా ఉబ్బు దాక్కుంటుంది. వారం రెండు వారాలకి మళ్లీ తీయాలి.

క్లిప్పా, కాయిలా, ఇంకోటా

ఆలస్యం చేయకుండా, వీలైతే 24 గంటల్లోపు, ఉబ్బుని రక్తప్రవాహం నుంచి తప్పించాలి. దారులు మూడు రకాలు.

క్లిప్ పెట్టడం పాత పద్ధతి, గట్టి పద్ధతి. 1937లో వాల్టర్ డాండీ అమెరికాలో వెండి క్లిప్‌తో మొదటిసారి చేశాడు. ఇప్పుడు ఎక్కువగా టైటానియం వాడతారు. మెడ, అంటే నాళానికి అతుక్కున్న మొదలు, వెడల్పుగా ఉన్న ఉబ్బులకి, కణత లోపల నడిచే నాళం మీద ఉన్నవాటికి, రక్తం పెద్ద గడ్డగా పేరుకుని మెదడుని నొక్కుతున్నప్పుడు ఇదే మొదటి ఎంపిక. గడ్డ తీయడం, క్లిప్ పెట్టడం ఒకేసారి అయిపోతాయి. కాయిల్ అంటే వెంట్రుకలాంటి ప్లాటినం తీగని ఉబ్బు లోపల చుట్టలు చుట్టలుగా నింపడం. 1990ల నుంచి వాడుకలోకి వచ్చింది. తల తెరవక్కర్లేదు. మెదడు వెనక వైపు నాళాలకి, ఇన్ఫెక్షన్‌తో గుండె బలహీనంగా ఉన్న బిడ్డకి ఇది మేలు. కాయిల్ కొన్నేళ్లకి కుదించుకుపోయి ఉబ్బు మళ్లీ తెరుచుకోవచ్చు. డెబ్బై ఏళ్ల మనిషికి అది చిన్న లెక్క, ఏడేళ్ల బిడ్డకి ముందు అరవై ఏళ్లున్నాయి. అందుకే ఇద్దరు డాక్టర్లూ రెండూ సమానమే అన్నప్పుడు పిల్లల విషయంలో నా మనసు క్లిప్ వైపే మొగ్గుతుంది. ఇది నర్సుగా నా అభిప్రాయం, తీర్పు వాళ్లదే.

నాళం మొత్తం కండెలా ఉబ్బితే, లేదా మరీ పెద్దదైతే ఈ రెండూ సరిపోవు. అప్పుడు ఆ నాళాన్ని రెండు వైపులా మూసేస్తారు. దానికి ముందు బెలూన్‌తో తాత్కాలికంగా మూసి, మెదడు పక్క దారుల్లో రక్తం తెచ్చుకోగలుగుతోందా అని పరీక్షిస్తారు. తెచ్చుకోలేకపోతే నెత్తి చర్మానికి వెళ్లే నాళాన్ని లోపలి నాళానికి కుట్టి బైపాస్ చేస్తారు. రక్తాన్ని మళ్లించే జల్లెడ స్టెంట్లు కూడా ఉన్నాయి. వాటితో రక్తం పలచబడే మాత్రలు నెలల తరబడి తప్పవు, పెరిగే నాళంలో అవి దీర్ఘకాలం ఎలా ఉంటాయన్నది ఆలోచించే వేస్తారు. ఇన్ఫెక్షన్ వల్ల వచ్చినవాటికి నాలుగు నుంచి ఆరు వారాల యాంటీబయాటిక్ ఉండాల్సిందే, చిట్లినా, పెరుగుతున్నా దానికి తోడు ఆపరేషనో కాయిలో.

థియేటర్ లోపల ఏం జరుగుతుంది

తలుపు బయట కూర్చున్నవాళ్లకి ఇది తెలియాలి. లోపల ఏమవుతోందో తెలియని ఐదారు గంటలు చాలా బరువు.

మత్తు ఇచ్చేటప్పుడు బీపీ పైకి లేవకుండా నెమ్మదిగా ఇస్తారు. మణికట్టు నాళంలో సన్న గొట్టం పెట్టి గుండె కొట్టుకున్న ప్రతిసారీ బీపీ చూస్తుంటారు. ఇరవై కిలోల బిడ్డ ఒంట్లో ఉండే రక్తమంతా కలిపి లీటరున్నర, కాబట్టి రక్తం ముందే తెప్పించి ఉంచుతారు. పెద్దవాళ్ల తలని మూడు మేకుల పట్టీతో బిగిస్తారు, మూడేళ్ల లోపు పిల్లల పుర్రె పలచన కాబట్టి గుర్రపునాడా ఆకారంలో ఉండే మెత్తటి ఆసరా మీద పెడతారు. చెవి ముందు నుంచి నుదుటి జుట్టు అంచు దాకా కోత, కణత దగ్గర ఎముక పలక తీయడం, పైపొర తెరవడం. తర్వాత మైక్రోస్కోప్ వస్తుంది. మెదడుని కోయరు. ముందు భాగానికీ పక్క భాగానికీ మధ్య ఉన్న లోయని పొర పొరగా విడదీస్తూ, నీరు వదులుతూ లోపలికి దిగుతారు. నీరు పోయేకొద్దీ బిగిసి ఉన్న మెదడు మెత్తబడి దారి ఇస్తుంది.

ఆ తొమ్మిదేళ్ల గుంటడి ఆపరేషన్‌లో నేను క్లిప్పులు అందించే చోట ఉన్నాను. తెర మీద మూడు మిల్లీమీటర్ల నాళం చిక్కుడు తీగలా కనిపిస్తుంది, దాని పక్కన ఎర్రటి రేగుపండులా ఉబ్బు. ఒక చోట దాని గోడ ఎంత పలచగా ఉందంటే లోపల రక్తం సుడి తిరగడం కనిపిస్తోంది. సర్జన్ సార్ ముందు ఉబ్బు జోలికి వెళ్లలేదు. కింద, రక్తం వచ్చే వైపు నాళాన్ని చేతికి తెచ్చుకున్నారు. అక్కడ తాత్కాలిక క్లిప్ పెట్టగానే ఉబ్బు కొట్టుకోవడం ఆగి మెత్తబడింది. మత్తు డాక్టరు గడియారం చూసి "ఒకటి" అన్నారు. "రెండు." ఆ నిమిషాల్లో ఆ నాళం మీద ఆధారపడ్డ మెదడుకి రక్తం తగ్గుతుంది. ఎవరూ మాట్లాడరు. "మూడు." సార్ చెయ్యి చాచారు, గోరంత క్లిప్ పట్టుకారులో పెట్టి ఇచ్చాను. ఉబ్బు మెడకి అడ్డంగా అది మూసుకుంది. "నాలుగు" అనేలోపు తాత్కాలికది తీసేశారు. తర్వాత నరంలోకి పచ్చరంగు మందు ఇచ్చి ప్రత్యేక కెమెరాతో చూస్తే నాళమంతా వెలిగింది, ఉబ్బు మాత్రం చీకటిగా ఉంది. చిన్న డాప్లర్ కడ్డీ ఆనిస్తే పక్క కొమ్మల్లో హుష్ హుష్ మని ప్రవాహం వినపడింది. ఈ రెండూ చూడకుండా మూయకూడదు. ఉబ్బు మూతపడిందో లేదో ఎంత ముఖ్యమో, పక్క కొమ్మలు మూతపడకపోవడం అంతే ముఖ్యం.

ఎముక తిరిగి పెట్టి కుట్టేస్తారు. మెదడు బాగా వాచి ఉంటే ఎముకని కొన్నాళ్లు బయట భద్రపరచి తర్వాత పెడతారు.

ఆపరేషన్ అయిపోయింది, ప్రమాదం అయిపోలేదు

చిమ్మిన రక్తం మెదడు నాళాల్ని చికాకు పెట్టి కుంచించుకుపోయేలా చేస్తుంది. మూడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా ఈ భయం ఉంటుంది, ఏడు నుంచి పది రోజుల మధ్య మరీ ఎక్కువ. నిమోడిపిన్ అనే మందు దీనికోసమే. సాధారణంగా 21 రోజులు ఇస్తారు, పిల్లలకి మోతాదు బరువుని బట్టి, బీపీ పడిపోకుండా చూస్తూ. రాత్రి రెండింటికైనా నిద్ర లేపి ఇస్తారు. "పడుకున్న బిడ్డని ఎందుకమ్మా లేపడం" అని ఆపకండి.

ఈ రోజుల్లో తల్లి కళ్లు మానిటర్ కంటే ముందు పసిగడతాయి. రోజుకి కొన్నిసార్లు, కళ్లు మూసుకుని రెండు చేతులూ ముందుకి చాచమనండి, పది లెక్కపెట్టండి. ఒక చెయ్యి కిందికి జారితే, నిన్నటికంటే మత్తుగా ఉంటే, మాట తడబడితే అప్పుడే సిస్టర్‌ని పిలవండి. రౌండ్స్ దాకా ఆగొద్దు. రక్తంలో సోడియం పడిపోవడం కూడా ఈ రోజుల్లోనే, అది కూడా మత్తుగానే మొదలవుతుంది. నీళ్లు ఎంత తాగాడు, మూత్రం ఎంత పోశాడు అని రాసి ఉంచమనేది అందుకే. మెదడు నీరు పారే దారుల్లో రక్తం అడ్డుపడితే తలలో నీరు చేరుతుంది. మొదట తాత్కాలికంగా బయటికి గొట్టం పెడతారు, తగ్గకపోతే ఆ నీరు కడుపులోకి పోయేలా లోపలే షంట్ అనే గొట్టం వేస్తారు.

ఇంటికొచ్చాక

ఫిట్స్ మందు బాగున్నాడని ఆపేయకండి. బడికి ఎప్పుడు పంపాలో డాక్టరు చెప్తారు. మొదట పూటబడి మేలు. మాస్టారితో ముందే మాట్లాడండి. బిడ్డ తెలివి పోలేదు, కానీ త్వరగా అలిసిపోతాడు, రెండు పనులు ఒకేసారి చెప్తే ఒకటి మర్చిపోతాడు, సందడికి చిరాకు పడతాడు. చాలామందిలో నెలల మీద సర్దుకుంటుంది. పిల్లల మెదడు కోలుకునే శక్తి పెద్దవాళ్లకంటే ఎక్కువ. చెయ్యో కాలో బలహీనపడితే ఫిజియోథెరపీ మొదటి వారం నుంచే. శ్రీకాకుళం వెళ్లే వీలు లేకపోతే అక్కడ నేర్చుకుని ఇంట్లో రోజూ చేయించండి. కొంత లోపం మిగిలిపోతే సదరం క్యాంపులో వైకల్యం సర్టిఫికెట్ తీసుకోవడానికి మొహమాటపడకండి. ఆ గుంటడికి కుడిచెయ్యి పూర్తిగా రాలేదు. మూడు నెలల తర్వాత చెకప్‌కి వచ్చినప్పుడు పలక తెచ్చుకుని ఎడమ చేత్తో తన పేరు రాసి చూపించాడు.

మళ్లీ యాంజియో ఎప్పుడో డిశ్చార్జి రోజే రాయించుకోండి, మామూలుగా ఆరు నెలల నుంచి ఏడాది లోపు. ఆ తర్వాత కూడా కొన్నేళ్లకోసారి చూడాలి, ఎందుకంటే పిల్లల్లో కొత్త చోట ఇంకో ఉబ్బు వచ్చే అవకాశం ఉంది. బాగున్నాడు కదా, విశాఖ దాకా ఎందుకు అని మానేసే వాళ్లే ఎక్కువ. కుటుంబంలో తల్లిదండ్రులు, తోబుట్టువుల్లో ఇంకొకరికి కూడా ఇదే జబ్బు ఉంటే మిగతావాళ్లకి ఎమ్మారై యాంజియో తీయించాలా అని అడగండి.

క్లిప్ పెట్టినవాళ్లయితే అది ఏ కంపెనీది, ఏ లోహం, ఏ తేదీన పెట్టారు అని రాసిన కాగితం అడిగి తీసుకోండి. పదేళ్ల తర్వాత మోకాలి నొప్పికి ఎమ్మారై తీయాలన్నా ఆ కాగితం చూడకుండా మెషీన్ గదిలోకి పంపరు, పంపకూడదు. రెండు జిరాక్సులు తీసి ఒకటి లామినేషన్ చేయించి రేషన్ కార్డుతో పాటు పెట్టండి, ఒకటి ఫోన్‌లో ఉంచండి.